దులుపుడు బండ

తెల్లబండ పత్తి ఫారం గేటు దగ్గరికి నేను చేరేసరికి బుధవారం ఉదయం పదకొండూ పది. సాయంత్రం నాలుగింటికల్లా గురుస్వామిని గిద్దలూరు కోర్టులో నిలబెట్టి రిమాండుకు పంపుతారు. అందుకు జీపు మూడింటికి కదలాలి. అంటే నాకున్నది నాలుగు గంటలకు పది నిమిషాలు తక్కువ.

గేటుకు అడ్డంగా గొర్రెలు. నూట ఇరవై దాకా ఉంటాయి. వాటి మధ్య పాపమ్మ, గురుస్వామి తల్లి, చేతిలో కర్ర లేకుండా నిలబడి ఉంది. కర్రను పోలీసులు సాక్ష్యమని పట్టుకుపోయారు. కొడుకును కూడా పట్టుకుపోయాక మంద కాసే దిక్కు లేదు, మందను ఇంట్లో పెట్టి తాళం వేసి రావడానికి అది బీరువా కాదు. అందుకని వెంట తోలుకొచ్చింది.

"లోపలికి రానియ్యల్యా రాజేశ్వరమ్మా," అంది. "మా మామ కాలం నుంచి పత్తి ఏరుడు అయినాక మా మంద ఈ చేలోనే పండుకుంటాది. చేనికి ఎరువు, మాకు మేత. ఇప్పుడు గొర్రెలు రాగూడదని బోర్డు పెట్టినారంట."

బోర్డు చూశాను. 'పత్తికోట హెరిటేజ్. వందేళ్ళ పత్తి ఫారంలో ఒక రోజు గడపండి.' ఒక రోజు గడపడానికి వచ్చేవాడికి పూలదండ, మూడు తరాలు గడిపినవాళ్ళకు మూసిన గేటు. నాకు పొద్దున్నే ఒళ్ళు మండింది. మండితేనే నాకు బుర్ర బాగా పనిచేస్తుంది, కాబట్టి మంచిదే అనుకున్నాను.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. మార్కాపురంలో పలకల దుకాణం మేడ మీద 'రాజేశ్వరమ్మ, ప్రైవేటు విచారణలు' అని చిన్న బోర్డు ఉంటుంది, అది నాదే. అంతకుముందు ఇరవై రెండేళ్ళు పోలీసు డిపార్టుమెంటులో ఉన్నాను. చూడనిదాన్ని చూసినట్టు సంతకం పెట్టమన్నాడు మా సి.ఐ. పెట్టలేదు. హెడ్ కానిస్టేబుల్ టోపీ ఆయన బల్ల మీద పెట్టి వచ్చేశాను.

ఆ సి.ఐ. పేరు శేషాద్రి. రిటైరై ఇప్పుడు ఈ ఫారం నడిపే హెరిటేజ్ కంపెనీకి సెక్యూరిటీ సలహాదారుగా ఉన్నాడు. గేటు అవతల నవ్వుతూ నిలబడింది ఆయనే.

"హెడ్డుగారు వచ్చినారే. నిన్నెవరు పిలిచినారమ్మా?"

"గొర్రెలు పిలిచినాయి సార్. తలుపు తీస్తే మీతో మాట్లాడి పోతాను."

"మాట్లాడేదానికి ఏముంది? ఆదివారం మధ్యాన్నం మందను చేలోకి తోలొద్దన్నాడు ఫోర్‌మన్ నరసింహం. గురుస్వామి కొట్లాట పెట్టుకున్నాడు. జిన్నింగ్ షెడ్లో పత్తి కుప్ప మీద పడేసి, మొహం అదిమి చంపినాడు. సోమవారం పొద్దున ఏడింటికి పెయింటర్లు శవాన్ని చూసినారు. పక్కన గురుస్వామి కర్ర, గురుస్వామి గొంగడి. ఇంకేం కావాల నీకు?"

"మీకు ఎప్పుడూ తక్కువలోనే పనైపోతాది సార్. ఆదివారం మీరెక్కడున్నారు?"

"ఒంగోల్లో. సోమవారం తొమ్మిదికి ఫోనొస్తే వచ్చినా. నన్ను గూడ అనుమానిస్తాండావా?"

"అలవాటు. మీ దగ్గరే నేర్చుకున్నా."

ఆయన బూట్ల వైపు చూశాను. సర్వీసులో అద్దంలా మెరిపించే మనిషి ఇప్పుడు తాళ్ళకు బదులు అంటుకునే పట్టీలున్న బూట్లు వేసుకున్నాడు. పట్టీల అంచుల్లో ఎర్రమట్టి పట్టి ఉంది. వయసు మీద పడితే ఎవరికైనా నడుం వంగదులే అనుకుని అక్కడితో వదిలేశాను. ఆ వదిలెయ్యడం నా పొరపాటు.

గేటు తీయించింది ఎస్.ఐ. బ్రహ్మం. కొత్తగా స్టేషనుకు వచ్చిన రోజుల్లో అతనికి పంచనామా రాయడం నేర్పింది నేనే. "రెండున్నరకు గురుస్వామిని ఇక్కడికి తెస్తానక్కా, షెడ్డు చూపించి కోర్టుకు తీసుకపోతాం. అంతవరకు నువ్వు చూసుకో. తాకడం మాత్రం వద్దు," అన్నాడు. శేషాద్రి మొహం మాడింది. ఆయన పెత్తనం ఇప్పుడు గేటు వరకే అని ఆయనకింకా అలవాటు కాలేదు.

జిన్నింగ్ షెడ్డు పొడవాటి రాతి కట్టడం. పత్తి నుంచి గింజ వేరుచేసే పాత యంత్రాలకు ఆకుపచ్చ రంగు కొత్తగా వేశారు. మధ్యలో నిలువెత్తు తెల్లపత్తి కుప్ప. ఈ చేలో పండింది కాదు, వచ్చేవాళ్ళు ఫొటోలు దిగడానికి బజారులో కొని తెచ్చి పోశారు. కుప్పకు ఒకవైపు మనిషి పడుకున్నంత గుంట ఉంది.

"నరసింహాన్ని ఆఖరున ఎవరు చూసినారు?" అడిగాను.

"పాపమ్మే. పన్నెండున్నరకు గేటు దగ్గర. ఒంటిగంటకూ మూడింటికీ మధ్య ప్రాణం పోయిందని డాక్టరు చెప్పినాడు," అన్నాడు బ్రహ్మం. "ఆ టయానికి మందను రెండు కిలోమీటర్ల అవతల కుంటకు నీళ్ళకు తోలుకపోయినానని గురుస్వామి అంటాడు. సాక్షి లేడు. కర్రా గొంగడీ వేపచెట్టు కింద పెట్టి పోయినా, వచ్చి చూస్తే లేవు అంటాడు."

"శవం ఫొటోలు చూపీ."

ఫోను ఇచ్చాడు. నరసింహం ఎనభై కిలోల మనిషి, వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ముదురునీలం చొక్కా, మడతలు సరిగ్గా ఉన్న పంచె. ఫొటోను పెద్దది చేసి చూశాను. చొక్కా చేతులు, జేబు, కాలరు అన్నీ శుభ్రంగా ఉన్నాయి.

ఫోను బ్రహ్మం చేతిలో పెట్టి, అతను వద్దనేలోపే వెళ్ళి ఆ గుంటకు అవతలివైపు కుప్ప మీద కూర్చున్నాను. అటూ ఇటూ రెండుసార్లు దొర్లాను. యాభై రెండేళ్ళ ఆడమనిషి పత్తిలో దొర్లుతుంటే మా వెనకే వచ్చిన శేషాద్రి నవ్వాడు. నవ్వనిచ్చి, లేచి వచ్చి వెలుతురులో నిలబడ్డాను. నా ముదురాకుపచ్చ చీర కుచ్చిళ్ళ నుంచి భుజం దాకా తెల్లబడిపోయింది.

"నేను దొర్లింది అర నిమిషం. నరసింహం ఊపిరి కోసం కొట్టుకోని కొట్టుకోని చచ్చిపోయినాడు. ఆయన చొక్కాకు ఒక్క పోగు ల్యాకపాయె. ఇదెట్ల బ్రహ్మం?"

బ్రహ్మం మళ్ళీ ఫోను చూసుకున్నాడు. శేషాద్రి నవ్వు ఆపాడు.

"ఆస్పత్రిలో ముక్కులోంచీ గొంతులోంచీ తీసిన దూది ఏదీ?"

ల్యాబుకు పంపాల్సిన చిన్న కవరు ఫైలులోనే ఉంది. అందులో చిటికెడు దూది. దాని రంగు గోధుమపిండికీ బెల్లానికీ మధ్యన ఉంది.

"రక్తం అంటింది," అన్నాడు శేషాద్రి వెంటనే.

"గాయం ఉందా బ్రహ్మం? ముక్కులోంచి రక్తం వచ్చిందా?"

బ్రహ్మం రిపోర్టు తిరగేశాడు. "రెండూ లేవక్కా."

"మరి సార్‌కు రక్తం ఎక్కడ కనపడింది?"

నేను బయటికి వచ్చాను. షెడ్డు గడప ముందు నేలలో పరిచిన పెద్ద నల్లటి బండ ఉంది. ఎన్ని వేల కాళ్ళు నిలబడ్డాయో గాని మధ్యలో పళ్ళెంలా అరిగి ఉంది. దాని పక్కన గడ్డిలో వంగి చూస్తే అదే రంగు పోగులు, పిడికెడు దాకా ఉన్నాయి. వాటిలో రెండు గింజలు. బ్రహ్మాన్ని పిలిచి వాటికి ఫొటో తీయించి కవరులో వేయించాను.

బండ సంగతి తెలుసుకోవడానికి మళ్ళీ గేటు దగ్గరికి నడిచాను. పాపమ్మ పడుచుగా ఉన్నప్పుడు ఇక్కడే పత్తి ఏరింది.

"అది దులుపుడు బండమ్మా," అంది. "ఇది విత్తనాల ఫారం గదా. బెల్లం రంగు దూదుండే ఎర్రపత్తికి ఒక కొట్టు, తెల్లపత్తికి ఆ షెడ్డు. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి పోవాలంటే ఆ బండ మీద నిలబడి కొంగూ కుచ్చిళ్ళూ అన్నీ దులుపుకోవాల. గింజ పొయి గింజలో కలిస్తే జాతి చెడతాదని. దులుపుకోకుండా గడప దాటితే ఆ పూట కూలి కోసేవాడు సూపర్‌వైజరు హనుమంతరావు. పురిటి బిడ్డను ఎత్తుకోని వచ్చినా బిడ్డ గుడ్డలు గూడ దులిపించినాడు నా చేత."

ఎర్రపత్తి ఉన్న కొట్టులో చంపారు. అరవై గజాలు మోసుకొచ్చారు. ఈ బండ మీద శవాన్ని దించి, చొక్కా, పంచె, తల అన్నీ దులిపి, అప్పుడు లోపలికి తెచ్చారు. లోపల ఉన్నది బజారు దూది. దానికి ఏ జాతీ లేదు, చెడడానికి ఏమీ లేదు. అయినా దులిపారు. కొట్లాటకు వచ్చిన గొర్రెల కాపరికి ఆ పట్టింపు ఎందుకుంటుంది?

పన్నెండూ నలభైకి హనుమంతరావు గదికి వెళ్ళాను. అరవై నాలుగేళ్ళ బక్క మనిషి. నలభై ఏళ్ళు విత్తనాల సూపర్‌వైజరు. ఇప్పుడు కంపెనీవాళ్ళు తలపాగా చుట్టి గైడును చేశారు. పాత ఆఫీసు గదిని మ్యూజియం చేస్తున్నారు. పత్తికాయలున్న గాజు సీసాలకు చీటీలు అంటిస్తూ కూర్చున్నాడు.

"కూర్చోండమ్మా. గురుస్వామిని ఇడిపించను వచ్చినారంట. మంచిపని."

"అతను చంపలేదని మీరు గూడ అనుకుంటున్నారా?"

"నేననుకుంటే ఎవరు ఇంటారు?"

"ఎర్రపత్తి కొట్టు తాళంచెవులు ఎవరి దగ్గరుంటాయి?"

"రెండమ్మా. ఒకటి నాది, ఒకటి నరసింహానిది. ఆయనది ఆయన జేబులోనే దొరికిందంట."

"ఆదివారం ఒంటిగంట నుంచి మూడింటిదాకా మీరెక్కడున్నారు?"

"అన్నం తిని ఈడనే పండుకున్నా. మూడింటికి లేసి టీ పెట్టుకున్నా."

"నరసింహానికీ మీకూ?"

"ముప్పై ఎనిమిదేండ్లు కలిసి పనిచేసినాం. అన్నదమ్ముల లెక్క."

"ఈమధ్య గూడనా?"

ఆయన వేలు చీటీ మీద ఆగింది. "ఈమధ్య కంపెనీవాళ్ళు ఏం చెప్పినా తలూపుతాండె."

"ఏం చెప్పినారు?"

"పిల్లకాయలు దొర్లేదానికి దూది గుంత ఒకటి పెడతారంట. తెల్లదీ ఎర్రదీ కలిపి పోస్తే ఫొటోల్లో బాగుంటాదంట. బజారులో ఎర్రది దొరకదు. కొట్లో ఉండేది గింజతోపాటే తెచ్చి పోస్తామన్నారు. సరే, తాళం తీస్తా అన్నాడు నరసింహం." గొంతు పెరగలేదు. కాని చేతిలో చీటీ నిలువుగా చినిగింది. ఆయన దాన్ని చూసుకుని, ఇంకో చీటీ తీసుకుని మొదటి నుంచి రాయడం మొదలుపెట్టాడు.

లేచి వచ్చేశాను. నా అనుమానం నాకు బలంగానే ఉంది, కోర్టుకు అది చాలదు. చినిగిన చీటీని సాక్ష్యమంటే జడ్జి నా మొహాన కొడతాడు.

రెండూ ఇరవై ఐదుకు జీపు వచ్చింది. గురుస్వామి దిగాడు. ముప్పై ఏళ్ళ మనిషి, మూడు రోజుల గడ్డం, చేతులకు బేడీలు. దిగగానే తల్లిని చూడలేదు, గేటు అవతల మందను చూసి పెదవులు కదిలిస్తూ లెక్కపెట్టుకున్నాడు. ఆ మనిషి మీద కోపంతోనైనా చెయ్యెత్తగలడని ఎవరైనా చెబితే నేను నమ్మను.

"బ్రహ్మం, పది నిమిషాలియ్యి," అన్నాను. "అందరం ముందు ఎర్రపత్తి కొట్టులోకి పోదాం. ఆడ నుంచి షెడ్డుకు నడుద్దాం. అంతే."

"ఏం నాటకం ఇది? టయానికి కోర్టుకు పోవాల," అన్నాడు శేషాద్రి.

"నాటకమైతే మీరు చూసి చప్పట్లు కొట్టండి సార్. రండి."

"నేను రాను. నాకు దుమ్ము పడదు. ఇంతవరకు ఆ కొట్టు గడప తొక్కలా, ఇప్పుడూ తొక్కను," అని ఆయన వేపచెట్టు కింద తన కారు దగ్గరే నిలబడ్డాడు.

హనుమంతరావు తాళం తీశాడు. లోపల వెదురు బుట్టల్లో ఎర్రపత్తి. ఎవరూ ముట్టుకోకపోయినా అడుగు పెడితే చాలు, గాలికి లేచి మీద వాలుతుంది. రెండు నిమిషాల్లో బ్రహ్మం ఖాకీ మీద, కానిస్టేబుళ్ళ టోపీల మీద, గురుస్వామి గడ్డంలో ఆ పోగులే. నేను ఏదో వెతుకుతున్నట్టు ఇంకో రెండు నిమిషాలు గడిపి, ఇక పదండి అన్నాను.

షెడ్డు దాకా వరసగా నడిచాం. బ్రహ్మం బండ తొక్కి నేరుగా లోపలికి వెళ్ళాడు. ఇద్దరు కానిస్టేబుళ్ళూ అంతే. గురుస్వామి బండ మీద కాలైనా పెట్టకుండా పక్కనుంచి గడప దాటాడు. నేను లోపలికి వెళ్ళి వెనక్కి తిరిగి నిలబడ్డాను.

హనుమంతరావు బండ మీద ఆగాడు. రెండు పాదాలూ ఆ అరిగిన గుంటలో పెట్టాడు. తలపాగా తీసి విదిల్చాడు. కుడిచేత్తో ఎడమ భుజం, ఎడమచేత్తో కుడి భుజం దులుపుకున్నాడు. కండువా రెండుసార్లు కొట్టాడు. పంచె కుచ్చిళ్ళు వదులుచేసి, విదిల్చి, మళ్ళీ మడత చెడకుండా దోపుకున్నాడు. అప్పుడు గడప దాటి లోపలికి వచ్చాడు.

బ్రహ్మం తన ఖాకీ మీది పోగులు చూసుకున్నాడు.

"ఏం జేసినారు హనుమంతరావుగారూ?" అడిగాను.

"ఏం జేసినా?" అన్నాడు. నిజంగానే తెలియదు ఆయనకు. మా అందరి బట్టలూ చూశాడు. తన బట్టలు చూసుకున్నాడు. ఆ తరువాత తన చేతులు చూసుకున్నాడు.

"ఆదివారం గూడ ఇట్లనే జేసినారు. శవానికి."

ఆయన మెల్లగా కుప్ప పక్కన కూలబడ్డాడు. ఏడవలేదు. మొండిగా తల ఎత్తాడు.

"ఆ గింజ మా నాయన నాకిచ్చినాడు. ఆయనకు వాళ్ళ నాయన ఇచ్చినాడు. ఇంకేడా ల్యా ఆ జాతి. దాన్ని తీసుకపొయి పిల్లకాయల కాళ్ళ కింద పోస్తానంటే చేతులు కట్టుకోని చూడమంటారా? నరసింహం కొట్లో తట్టలు ఎత్తుతాండె. వద్దన్నా. నవ్వినాడు. తట్ట మీదికి తోసినా, మొహం పత్తిలో పడింది, పైన పడి మెడ మీద మోకాలు పెట్టి అదిమినా. లేపుదామనుకునే లోపలే అయిపోయింది. శవం ఆడుంటే పోలీసులు కొట్టంతా తిరగబోస్తారని ఈడికి తెచ్చినా. నాకు ఉరేసినా సరే, గింజను మాత్రం కలపొద్దండి."

ఆయన ధైర్యం చూసి ఒక్క క్షణం నాకు జాలి కలిగింది. ఎదురుగా బేడీలతో ఉన్న గురుస్వామిని చూశాక ఆ జాలి ఇగిరిపోయింది.

"గింజలో గింజ కలిస్తే పాపమని నలభై ఏండ్లు కాపలా కాసినావు. నువ్వు చేసిన హత్యను తీసుకపొయి ఈయన బతుకులో కలిపినావే, అది పాపం కాదా? ఈయనకు జాతి ల్యా? ఈయనకు తల్లి ల్యా? మూడు రోజులు ఆ సీసాలకు చీటీలు ఎట్ల అంటిచ్చినావయ్యా?"

నా గొంతు రేకుల కప్పుకు తగిలి తిరిగి వచ్చింది. హనుమంతరావు తల దించాడు. నేను చెప్పినదాంట్లో ఆ ఒక్క మాటే ఆయనకు తగిలింది.

"కర్రా గొంగడీ నేను పెట్టలేదమ్మా," అన్నాడు నేలను చూస్తూ.

అప్పుడు నాకు లెక్క అందింది. నరసింహం ఎనభై కిలోలు. ఈయన యాభై ఉంటే గొప్ప. అరవై గజాలు.

"కాళ్ళెవరు పట్టినారు?"

"సెక్యూరిటీ సారు. దూది గుంత కోసం కొట్టు చూడను రెండింటికి వచ్చినాడు. వచ్చేసరికి నేను శవం పక్కన కూచోని ఉండా. అరవలా, పోలీసులను పిలవలా. నీ గింజ నీకు ఉంటాది, నోరు మూసుకో అన్నాడు. గొర్రెలోళ్ళు ఈ చేను మీద హక్కుందని కోర్టుకు పోతామంటాండారు, ఒకన్ని లోపలేస్తే మిగతావాళ్ళు మంద తోలరు అన్నాడు. చంపింది నేను. ఎవరి మీద వెయ్యాలో చెప్పింది ఆయన. నేను శవాన్ని దులుపుతాంటే పిచ్చినాకొడకా అని తిట్టినాడు గూడ. తాను మాత్రం దులుపుకోలా."

ఫారమంతా నల్లరేగడి. ఇక్కడ కాలికి పట్టేది నల్లమట్టే. ఆ బూటు పట్టీల్లో ఎరుపు ఎక్కడిదని పొద్దున్నే నేను అడుగవలసింది. అది మట్టి కాదు. పట్టీ ఏది తగిలినా పట్టుకుంటుంది, ఎర్రపత్తి పోగులను కూడా. ఆ కొట్టు గడప ఇంతవరకూ తొక్కలేదని పది నిమిషాల కిందటే ఎస్.ఐ. ముందు చెప్పిన మనిషి బూట్లు అవి.

"బ్రహ్మం, బూట్లు," అని అరిచి పరిగెత్తాను.

వేపచెట్టు కింద కారు లేదు. గేటు వైపు దుమ్ము లేచింది. కానిస్టేబుళ్ళు నా వెనక పరిగెత్తుతున్నారు గాని మాకూ గేటుకూ రెండు వందల గజాలుంది. అంతలో హారన్ మోగింది. ఆగకుండా మోగుతూనే ఉంది. వేపచెట్టు దాటి దారి కనిపించేసరికి చూశాను. కారు బయటికి పోవడానికి గేటు బార్లా తీసి ఉంది. తీసిన గేటులోంచి మంద లోపలికి వచ్చేసింది. నూట ఇరవై గొర్రెలు దారి నిండా, కారు ముందు, కారు పక్కన, కారు వెనక.

శేషాద్రి అద్దం దించి అరుస్తున్నాడు. "ఏయ్ ముసల్దానా, తప్పించు వాటిని. తొక్కిస్తా."

పాపమ్మ తప్పించలేదు. కారు బానెట్‌కు మూరెడు దూరంలో, దారి మధ్యలో నేల మీద కూర్చుంది. కొంగు సర్దుకుంది.

"కర్ర ల్యాదు సామీ," అంది. "మీవోళ్ళే తీసుకపోయినారు గదా. కర్ర లేకుండా ఇవి నా మాట ఇనవు."